మిగిల్చిన కదలిక ఎవరి లెక్కలోకి? లిలియన్ గిల్‌బ్రెత్ జీవితం

సూరత్ నుంచి హజీరా వెళ్లే దారిలో ఉన్న ఇచ్ఛాపూర్‌లో వజ్రాలు, నగల పరిశ్రమ కోసం ప్రత్యేకంగా కట్టిన పార్కు ఉంది. ప్రపంచంలో కోసి సానపట్టే వజ్రాల్లో అత్యధిక భాగం సూరత్ కార్మికుల చేతుల మీదుగానే వెళ్తుంది. సానపట్టే బల్లను అక్కడ 'ఘంటి' అంటారు. మధ్యలో వేగంగా తిరిగే చక్రం, దాని చుట్టూ సాధారణంగా నలుగురు కార్మికులు ఉంటారు. రాయిని బిగించిన పనిముట్టును చక్రానికి ఆనించడం, పైకెత్తడం, భూతద్దంలో చూడటం, కోణం సరిచేసి మళ్లీ ఆనించడం. రోజంతా ఇదే పని. కూలీ ఎక్కువగా రాయి లెక్కన ఇస్తారు.

ఇదే నగరంలోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు మరమగ్గాల మీద బతుకుతున్నాయి. తెగిన పోగును ముడివేయడం, కండె మార్చడం, మళ్లీ పోగు వెతకడం అక్కడి చేతుల పని. వజ్రమైనా బట్టైనా చేతికి జరిగే నష్టం తీరు ఒకటే. యంత్రంలో పడి వేలు తెగితే ప్రమాదం ఏ రోజు, ఏ గంటకు జరిగిందో చెప్పవచ్చు. ఇరవై ఏళ్లు ఒకే కదలిక చేసి మణికట్టు మొద్దుబారితే అది ఏ రోజు జరిగిందని చెప్పాలి?

పనిచేసే చేతి కదలికను ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు శరీరం ఎంత ఖర్చుపెడుతోందో చూడాలన్న ఆలోచనకు నూరేళ్లు దాటాయి. ఆ ఆలోచనకు పునాది వేసినవారిలో లిలియన్ గిల్‌బ్రెత్ ఒకరు. పన్నెండుమంది పిల్లల తల్లిగా, ఇంటిని గడియారంలా నడిపిన దంపతుల్లో ఒకరిగా, హాలీవుడ్ సినిమాకెక్కిన పాత్రగా ఆమె పేరు ఎక్కువమందికి తెలుసు. ఆమె అసలు పని మాత్రం కార్మికుడి చెయ్యి. ఒక కదలికను మిగిల్చినప్పుడు ఆ మిగులు ఎవరికి చేరాలి అన్న ప్రశ్న ఆమె జీవితమంతా వెంటాడింది.

సాహిత్యం చదివి కర్మాగారానికి

లిలియన్ మోలర్ 1878 మే 24న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఓక్లాండ్‌లో పుట్టారు. కలిగిన కుటుంబం. పిల్లల్లో ఆమే పెద్దది. బిడియం ఎక్కువ కావడంతో తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఇంట్లోనే చదువు సాగింది. ఆడపిల్లకు కాలేజీ అవసరం లేదన్నది తండ్రి అభిప్రాయం. ఆయన్ను ఒప్పించి ఆమె బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1900లో సాహిత్యంలో పట్టా పుచ్చుకున్నారు. ఆ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో ప్రసంగించిన తొలి మహిళ ఆమే. పై చదువుకు న్యూయార్క్‌లోని కొలంబియాకు వెళ్తే, ఏ ఆచార్యుడి దగ్గర చదవాలనుకున్నారో ఆయన ఆడవాళ్లకు పాఠం చెప్పనన్నారు. ఆరోగ్యం కూడా దెబ్బతినడంతో వెనక్కు వచ్చి 1902లో బర్క్‌లీలోనే ఎం.ఏ. పూర్తిచేశారు.

1903లో యూరప్ యాత్రకు వెళ్తూ బోస్టన్‌లో ఆగినప్పుడు ఫ్రాంక్ గిల్‌బ్రెత్ పరిచయమయ్యారు. పదేళ్లు పెద్దవాడు, కాలేజీ ముఖం చూడనివాడు, అప్పటికే పేరున్న భవన నిర్మాణ గుత్తేదారు. 1904 అక్టోబర్ 19న వారి పెళ్లి జరిగింది. పెళ్లితో పాటు వృత్తి భాగస్వామ్యం కూడా మొదలైంది. సాహిత్యం నుంచి ఆమె మనస్తత్వశాస్త్రానికి మళ్లారు. పనిని ఇంజినీరు కంటితో భర్త చూస్తే, పనిచేసే మనిషిని చూడటం ఆమె వంతు అయింది.

ఇటుక మేస్త్రీ నేర్పిన పాఠం

ఫ్రాంక్ పదిహేడేళ్ల వయసులో, 1885లో తాపీపనికి శిష్యుడిగా చేరారు. నేర్పేవాళ్లను గమనిస్తే ఆయనకొక వింత కనిపించింది. ఏ ఇద్దరు మేస్త్రీలూ ఇటుకను ఒకేలా పేర్చడం లేదు. ఒకే మేస్త్రీ కూడా శిష్యుడికి చూపేటప్పుడు ఒక తీరుగా, నిదానంగా చేసేటప్పుడు ఇంకో తీరుగా, తొందరలో మరో తీరుగా చేస్తున్నాడు. వీటిలో ఏది మేలు అని అడిగితే చెప్పగలిగినవారు లేరు.

ఆయన చేసిన మార్పులు చూడటానికి చిన్నవి. మేస్త్రీ ప్రతి ఇటుకకూ నేలదాకా వంగుతున్నాడు. అంటే రెండు కిలోల ఇటుకతో పాటు తన ఒంటి బరువులో సగానికి పైగా ఎత్తుతున్నాడు. గోడ పెరిగేకొద్దీ పైకి జరిపే పరంజా తయారుచేసి, ఇటుకలను, సున్నాన్ని నడుం ఎత్తులో ఉంచారు. ఇటుకల మంచి ముఖం ఏదో ముందే చూసి పేర్చే పనిని తక్కువ కూలీ సహాయకులకు అప్పగించారు. సున్నం పాకం సరిగ్గా కుదిర్చితే, ఇటుకను తాపీతో పదేపదే కొట్టే పని పోయింది. ఒక్కో ఇటుకకు పద్దెనిమిది కదలికలున్నచోట ఐదుకు తగ్గాయి. గంటకు 120 ఇటుకలు పేర్చేవారు 350 దాకా పేర్చారు.

ఈ లెక్కలో రెండు ఫలితాలున్నాయి. మేస్త్రీ నడుం వంగడం తగ్గింది. గుత్తేదారుకు గోడ మూడింతల వేగంతో లేచింది. రెండో ఫలితాన్ని అందరూ చూశారు. మొదటిదాన్ని వదలకుండా పట్టుకున్నది లిలియన్.

వేలికి కట్టిన దీపం

1912లో వాళ్లు రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌కు మారారు. ఆ ఏడాదే ఐదేళ్ల కూతురు మేరీ డిఫ్తీరియాతో చనిపోయింది. ఆ దుఃఖం లిలియన్‌ను చివరిదాకా వదల్లేదు. ప్రావిడెన్స్‌లో అల్లిక యంత్రాలు తయారుచేసే న్యూ ఇంగ్లండ్ బట్ కంపెనీలో దంపతులు తమ పద్ధతులకు ప్రయోగశాల ఏర్పాటు చేసుకున్నారు.

అక్కడ రెండు పరికరాలు కీలకమయ్యాయి. మొదటిది సినిమా కెమెరా. కార్మికుడి పక్కనే వేగంగా తిరిగే పెద్ద గడియారాన్ని పెట్టి చిత్రీకరించేవారు. ఒక్కో ఫ్రేమును ఆపి చూస్తే చెయ్యి ఎక్కడుందో, ఎంతసేపు ఉందో తెలిసేది. రెండోది ఇంకా సులువైనది. వేలికి చిన్న విద్యుత్ దీపం కట్టి, కెమెరా రెప్పను తెరిచి ఉంచేవారు. పని ముగిసేసరికి ఫొటోలో మనిషి మసకబారి, చేతి దారి మాత్రం వెలుగు గీతగా మిగిలేది. దీపాన్ని నిర్ణీత వేగంతో వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటే గీత చుక్కలుగా విడిపోయేది. చుక్కల మధ్య దూరాన్ని బట్టి వేగం తెలిసేది. ఆ గీతలను తీగలతో బొమ్మలుగా వంచి కార్మికులకు చూపేవారు. ఆరితేరిన చేతి గీత నున్నగా ఉండేది. కొత్తవాడి గీత చిక్కుపడిన దారంలా ఉండేది.

చేతిపనినంతటినీ పదిహేడు పద్దెనిమిది మూల కదలికలుగా విడదీశారు. వెతకడం, ఎంచుకోవడం, పట్టుకోవడం, మోసుకెళ్లడం, కుదురుగా అమర్చడం, వాడటం, పరీక్షించడం, వదిలేయడం, ఖాళీ చేతిని వెనక్కు తేవడం ఇలా సాగుతుంది ఆ జాబితా. గిల్‌బ్రెత్ పేరును దాదాపు వెనక నుంచి చదివి వీటికి 'థెర్‌బ్లిగ్' అని పేరు పెట్టారు. ఘంటి దగ్గర వజ్రకారుడి పనిని ఈ జాబితాతో పోల్చి చూస్తే ఎక్కువ సమయం పోయేది రాయిని అరగదీయడంలో మాత్రమే కాదని అర్థమవుతుంది. ఎత్తడం, చూడటం, కోణం కుదర్చడం, మళ్లీ ఆనించడం, అంతసేపూ పనిముట్టును బిగించి పట్టుకుని ఉండటం, ఇవన్నీ చేతి మీద పడే భారమే.

ఇదే పద్ధతితో వారు ఆపరేషన్ గదులను కూడా చిత్రీకరించారు. శస్త్రవైద్యుడు రోగి మీద నుంచి చూపు తిప్పి పనిముట్ల కోసం వెతుక్కోవడంలో ఎంతో సమయం పోతోందని గుర్తించారు. అడిగిన పనిముట్టును నర్సు నేరుగా వైద్యుడి చేతిలో పెట్టే పద్ధతి వెనక వారి పరిశీలనలున్నాయి.

విశ్రాంతి కూడా జాబితాలో ఉంది

ఆ మూల కదలికల జాబితాలో ఒకటి అలసట తీర్చుకోవడానికి తీసుకునే విశ్రాంతి. విశ్రాంతిని పని ఎగ్గొట్టడం కింద చూసే కాలంలో, దాన్ని పనిలో ఒక భాగంగా పేరుపెట్టి లెక్కగట్టడం చిన్న విషయం కాదు.

అప్పటి పారిశ్రామిక ప్రపంచంలో ఫ్రెడరిక్ టేలర్ పేరు మారుమోగుతోంది. చేతిగడియారం పట్టుకుని పనికి ఎంత సమయం పట్టాలో నిర్ణయించడం ఆయన పద్ధతి. గిల్‌బ్రెత్ దంపతులు మొదట ఆయన శిబిరంలోనే ఉన్నారు. క్రమంగా దూరమయ్యారు. ఎంతసేపు పట్టిందన్నది ఫలితమే తప్ప కారణం కాదని, ఏ కదలిక ఎందుకు అవసరమైందో చూడాలని వాళ్ల వాదన. మనిషి ఇష్టాయిష్టాలు, అలవాట్లు, భయాలు చూడకుండా పద్ధతి మార్చలేమన్నది లిలియన్ వైపు నుంచి వచ్చిన సవరణ. పిల్లలను పెంచుతూ ఆమె రాసిన పరిశోధన వ్యాసం 'ది సైకాలజీ ఆఫ్ మేనేజ్‌మెంట్' ఈ విషయం మీదే. క్యాంపస్‌లో ఉండి చదవలేదన్న కారణంతో బర్క్‌లీ ఆమెకు డాక్టరేట్ ఇవ్వలేదు. 1914లో అది పుస్తకంగా వచ్చినప్పుడు రచయిత మహిళ అని తెలియకుండా ఎల్.ఎం. గిల్‌బ్రెత్ అని పొడి అక్షరాలతో అచ్చువేశారు. ఆమె పట్టువదల్లేదు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మరో పరిశోధన చేసి 1915లో డాక్టరేట్ సాధించారు.

1916లో దంపతులిద్దరూ కలిసి తెచ్చిన 'ఫెటీగ్ స్టడీ' అలసట గురించిన పుస్తకం. చేతిరుమాళ్లు మడతపెట్టే అమ్మాయిల మీద చేసిన ప్రయోగం అందులో ఉంది. గంటను ఆరేసి నిమిషాల చొప్పున పది భాగాలు చేశారు. చాలా భాగాల్లో ఐదు నిమిషాలు పని, ఒక నిమిషం విశ్రాంతి. కొంతసేపు కూర్చుని, కొంతసేపు నిలబడి పని. ఉత్పత్తి అంతకుముందు అత్యధికంగా చేసినదానికి మూడు రెట్లు దాటిందని, అలసట పెరగలేదని వారు నమోదు చేశారు. లెక్క కట్టింది పద్ధతిని కంపెనీలకు అమ్మే సలహాదారులే అన్నది మరవకూడదు. అయినా కుర్చీ ఎత్తు, బల్ల ఎత్తు, కాళ్లు ఆనించుకునే పీట, వెలుతురు వంటివి ఉత్పత్తి లెక్కలోకి రావాలని పట్టుబట్టిన తొలి పుస్తకాల్లో అదొకటి. అలసటను తగ్గించే కుర్చీలు, బల్లలు, సాధనాలు సేకరించి ప్రావిడెన్స్‌లో చిన్న ప్రదర్శనశాలే పెట్టారు.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ పనిని మరోవైపు నడిపించింది. చేతులు, కాళ్లు పోగొట్టుకున్న సైనికులు వేల సంఖ్యలో తిరిగివస్తున్నారు. ఒంటిచేత్తో టైపు చేయాలంటే యంత్రాన్ని ఎలా మార్చాలి, కాలు లేనివాడు ఏ బల్ల దగ్గర ఏ పని చేయగలడు అన్నవి వాళ్ల ప్రశ్నలు. 1920లో వచ్చిన 'మోషన్ స్టడీ ఫర్ ది హ్యాండీక్యాప్డ్' సారాంశం ఒక్కటే. మనిషిని యంత్రానికి తగ్గట్టు వంచే బదులు యంత్రాన్ని మనిషికి తగ్గట్టు మార్చాలి. మానవ కారకాల అధ్యయనం, ఎర్గోనామిక్స్ అని ఇప్పుడు పిలుస్తున్న శాస్త్రానికి ఇదే మూలసూత్రం.

కార్మికులు ఎందుకు నమ్మలేదు

గిల్‌బ్రెత్‌ల ఉద్దేశం ఏదైనా, కార్మికులకు వాళ్లు యజమాని తెచ్చిన మనుషులే. 1911లో న్యూయార్క్ రాష్ట్రంలోని గ్లెన్స్ ఫాల్స్‌లో ఇటుక మేస్త్రీలు ఫ్రాంక్ పద్ధతికి వ్యతిరేకంగా సమ్మెచేశారు. అదే ఏడాది వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పోత కార్మికులు టేలర్ గడియారానికి ఎదురుతిరిగారు. ఆ వ్యవహారం చట్టసభకు వెళ్లి, 1915లో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో గడియారంతో పనిని కొలవడానికి నిధులు వాడకూడదన్న నిబంధన వచ్చింది.

వాళ్ల భయం అర్థం చేసుకోవడం కష్టం కాదు. ముక్కకింత చొప్పున కూలీ ఇచ్చేచోట ఎవరైనా మెళకువతో ఎక్కువ చేస్తే ఆ వారం ఎక్కువ సంపాదిస్తారు. అందరూ అలా చేయడం మొదలుపెట్టాక యజమాని రేటు తగ్గిస్తాడు. అప్పుడు పాత కూలీకే ఎక్కువ ముక్కలు చేయాలి. మిగిల్చిన కదలిక విశ్రాంతిగా మారదు. మరో ముక్కగా మారుతుంది. చేతికి కలిసొచ్చింది ఏమీ ఉండదు.

లిలియన్ రాతల్లో దీనికి జవాబు వెతికే ప్రయత్నం కనిపిస్తుంది. పద్ధతి మార్చేముందు పనివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలని, పొదుపులో వారికి వాటా ఉండాలని, మార్పుకు వారి సమ్మతి కావాలని ఆమె చెబుతూ వచ్చారు. కానీ సలహాదారుకు ఫీజు ఇచ్చేది యజమాని. సలహాలో ఏది తీసుకోవాలో, ఏది వదిలేయాలో తేల్చేదీ అతనే. చాలా కంపెనీలు కదలికల జాబితా తీసుకుని, విశ్రాంతి గురించి రాసిన పేజీని పక్కన పెట్టాయి.

ఒంటరిగా నలభై ఏడేళ్లు

1924 జూన్ 14న ఫ్రాంక్ న్యూజెర్సీ రాష్ట్రంలోని మాంట్‌క్లెయిర్ రైల్వే స్టేషన్ నుంచి ఇంటికి ఫోన్ చేసి లిలియన్‌తో మాట్లాడుతూనే గుండెపోటుతో కుప్పకూలారు. ఆయన వయసు 55. ఇంట్లో పదకొండుమంది పిల్లలు. పెద్దమ్మాయి కాలేజీలో ఉంది. చిన్నదానికి రెండేళ్లు నిండలేదు. కొద్ది రోజుల్లో ఆయన యూరప్‌లో జరిగే సదస్సులకు వెళ్లాల్సి ఉంది. లిలియన్ ఆ ఓడ ఎక్కి, లండన్, ప్రాగ్ సభల్లో ఆయన స్థానంలో నిలబడ్డారు.

తిరిగొచ్చేసరికి కంపెనీలు ఒక్కొక్కటే ఒప్పందాలు వదులుకున్నాయి. ఇరవై ఏళ్లుగా పనిలో సగం ఆమెదే అని తెలిసినా, కర్మాగారంలో ఆడ మనిషి సలహా వినడానికి చాలామంది సిద్ధంగా లేరు. ఆమె ఇంట్లోనే శిక్షణ తరగతులు మొదలుపెట్టి, కంపెనీలు పంపిన మేనేజర్లకు చేతి కదలికల అధ్యయనం నేర్పారు. మేసీస్ దుకాణంలో అమ్మకపు సిబ్బంది, క్యాషియర్ల పనిని పరిశీలించారు. 1926లో జాన్సన్ అండ్ జాన్సన్ కోసం శానిటరీ న్యాప్‌కిన్ల గురించి వెయ్యిమందికి పైగా మహిళల అభిప్రాయాలు సేకరించారు. వస్తువు వాడేవాళ్లను అడగకుండా దాన్ని తయారుచేయకూడదన్నది ఆమె పట్టు.

ఆడవాళ్ల రంగమని అందరూ ఒప్పుకునే చోటు ఒకటుంది, వంటగది. ఆమె అక్కడికే తన శాస్త్రాన్ని తీసుకెళ్లారు. ఆమె స్వయంగా పెద్దగా వంటచేసే మనిషి కాదు. కానీ వంటగది కూడా కార్మికురాలు పనిచేసే చోటేనని, అక్కడా నడుం, భుజం, మణికట్టు అరుగుతాయని గుర్తించారు. పొయ్యి, తొట్టి, బల్ల ఏ ఎత్తులో ఉండాలో తేల్చడానికి వేలమంది మహిళలను విచారించారు. 1929లో బ్రూక్లిన్ గ్యాస్ కంపెనీ కోసం రూపొందించిన నమూనా వంటగదిలో ఒక కేకు తయారీని కొలిచి చూస్తే, 281 అడుగులు నడవాల్సిన చోట 45 సరిపోయాయి. ఫ్రిజ్ తలుపు లోపలి అరలు, కాలితో నొక్కితే మూత తెరుచుకునే చెత్తడబ్బా వెనక కూడా ఆమె ఆలోచనలున్నాయని చెబుతారు.

1935లో పర్డ్యూ విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ విభాగంలో ఆమెను ప్రొఫెసర్‌గా తీసుకుంది. అక్కడ ఆ హోదా పొందిన తొలి మహిళ ఆమే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గుండెజబ్బు ఉన్నవారు, చక్రాల కుర్చీలో ఉన్నవారు వండుకోగలిగే వంటగదులను వైద్యులతో కలిసి రూపొందించారు. 1948లో ఇద్దరు పిల్లలు రాసిన 'చీపర్ బై ది డజన్' పుస్తకం, 1950లో దాని సినిమా వచ్చాయి. అందులో ఆమె సరదా తండ్రి పక్కన నిలబడే ఓపికగల తల్లి మాత్రమే. శాస్త్రవేత్త తెరవెనక్కి వెళ్లిపోయింది. 1965లో అమెరికా జాతీయ ఇంజినీరింగ్ అకాడమీకి ఎన్నికైన తొలి మహిళగా, మరుసటి ఏడాది హూవర్ పతకం అందుకున్న తొలి మహిళగా ఆ లోటు కొంత తీరింది. 1972 జనవరి 2న ఫీనిక్స్‌లో 93 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

దీపం చూపనిది

గిల్‌బ్రెత్ పద్ధతికి ఒక లోపం ఉంది. వేలి దీపం చెయ్యి వెళ్లే దారిని, వేగాన్ని చూపింది. చెయ్యి ఎంత బిగువుగా పట్టుకుందో, మణికట్టు ఎంత వంగిందో ఆ వెలుగు గీత చెప్పలేదు. తర్వాతి తరాల పరిశోధన తేల్చినదేమంటే, ముంజేతి కండరాల నుంచి వేళ్లకు వెళ్లే స్నాయువులు, ఒక ముఖ్యమైన నరం మణికట్టు దగ్గర ఒకే ఇరుకు సందులోంచి వెళ్తాయి. మణికట్టును వంచి, బలంగా పట్టుకుని, ఒకే కదలికను తెరిపి లేకుండా చేస్తే స్నాయువుల పొరలు వాచి ఆ నరాన్ని నొక్కుతాయి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి. రాత్రుళ్లు నొప్పి లేపుతుంది. పట్టు జారుతుంది. కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటే ఇదే.

కాబట్టి కదలికలు తగ్గించినంత మాత్రాన చెయ్యి బాగుపడదు. అనవసరమైనవి తీసేశాక మిగిలిన నాలుగైదు కదలికలనే ఇంకా వేగంగా, ఇంకా ఎక్కువసార్లు చేయిస్తే భారమంతా ఆ నాలుగు స్నాయువుల మీదే పడుతుంది. మేస్త్రీ అటూ ఇటూ జరిగి, తాపీ దులిపి, ఇటుకను తిప్పి చూసే పనికిరాని కదలికల్లో కొన్ని శరీరం తనకు తాను ఇచ్చుకున్న విరామాలు కూడా. జాబితాలో విశ్రాంతిని ఉంచితేనే మిగతా జాబితా మనిషికి మేలు చేస్తుంది. దాన్ని కొట్టేస్తే అదే జాబితా గాయానికి దారి తీస్తుంది.

ఆసు పోసిన చేతులు

ఆ మిగులు పనిచేసే మనిషికే చేరితే ఏమవుతుందో తెలుగు నేల మీద ఒక కథ చెబుతుంది. పోచంపల్లి పట్టుచీరకు రంగు అద్దేముందు నూలును అర్ధచంద్రాకారంలో దిగేసిన మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆ చివర నుంచి ఈ చివరకు వెళ్లిరావాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆ పనితో భుజం, మోచేయి నొప్పులతో బాధపడ్డారు. ఆరో తరగతితో బడి మానేసిన మల్లేశం ఏళ్లతరబడి ప్రయత్నించి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేశారు. తల్లి పేరే దానికి పెట్టారు. చీరకు పట్టే సమయం గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చేసిన పని మాత్రం థెర్‌బ్లిగ్ పద్ధతే. ఏ కదలిక చేతిని తినేస్తోందో పట్టుకుని, దాన్ని మనిషి నుంచి యంత్రానికి మార్చడం.

ఒక తేడా ఉంది. ఇక్కడ కొలిచింది యజమాని పంపిన సలహాదారు కాదు, కొడుకు. మగ్గం, ఇల్లు, చెయ్యి ఒకే కుటుంబానివి. మిగిలిన మూడు గంటలు ఏం చేయాలో ఆ ఇల్లే తేల్చుకుంటుంది. సూరత్ కార్ఖానాలో అలా కుదరదు. పోగు మగ్గం వాళ్లదైనా మగ్గం సేఠ్‌ది. చెయ్యి కార్మికుడిదైనా రాయి వ్యాపారిది.

చట్టంలో లేని నొప్పి

రాయి లెక్కన కూలీ ఉన్నచోట ఎవరూ అరిచి తొందరపెట్టక్కర్లేదు. గంటకు ఐదు నిమిషాలు చేతికి విశ్రాంతి ఇస్తే ఆ డబ్బు కార్మికుడి జేబులోంచే పోతుంది. పిల్లల ఫీజు, గది అద్దె, ఊరికి పంపాల్సిన సొమ్ము లెక్కవేసుకుని చెయ్యి తనను తానే తరుముకుంటుంది. లిలియన్ వందేళ్ల కింద కోరిన విశ్రాంతికి ఇక్కడ యజమాని అడ్డుపడాల్సిన అవసరమే లేదు. కూలీ పద్ధతే అడ్డుపడుతుంది.

చట్టం కూడా ఈ నొప్పిని చూడలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం అమల్లో ఉన్నప్పుడు దాని మూడో షెడ్యూల్లో యాజమాన్యం, వైద్యుడు ప్రభుత్వానికి తెలపాల్సిన 29 వృత్తి వ్యాధులుండేవి. సీసం విషం ఉండేది, సిలికోసిస్ ఉండేది, శబ్దం వల్ల వచ్చే చెవుడు ఉండేది. పదేపదే ఒకే కదలిక వల్ల వచ్చే చేతి జబ్బు ఉండేది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో కార్పల్ టన్నెల్ సిండ్రోమ్‌తో సహా ఇలాంటి కండర, స్నాయువు జబ్బులకు ప్రత్యేక విభాగమే ఉంది. జాబితాలో లేని జబ్బును ఎవరూ నమోదు చేయరు. నమోదు కానిదానికి లెక్క ఉండదు. లెక్క లేనిదానికి పరిహారం అడగడానికి ఆధారం ఉండదు. కార్మికుడు నొప్పి మాత్ర వేసుకుని మళ్లీ ఘంటి ముందు కూర్చుంటాడు. పట్టు పూర్తిగా పోయిన రోజున ఊరికి తిరిగి వెళ్తాడు.

కెమెరా, దీపం, తీగ బొమ్మ ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. ఫోన్‌తో తీసిన వీడియో నుంచి మణికట్టు కోణాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌లు వచ్చాయి. కొలిచే సాధనం చవకైనకొద్దీ, కొలిచింది ఎవరి కోసం అన్న ప్రశ్న బరువెక్కుతోంది. అదే వీడియోతో బల్ల ఎత్తు సరిచేయవచ్చు, మోచేతికి ఆనిక అమర్చవచ్చు, గంటకు కొన్ని నిమిషాల విరామానికి కూలీ కట్టవచ్చు. అదే వీడియోతో నిదానంగా చేసేవాడిని గుర్తించి తీసేయనూ వచ్చు.

లిలియన్ గిల్‌బ్రెత్ ఈ ప్రశ్నను పూర్తిగా పరిష్కరించలేదు. ఆమె కాలమూ, ఆమెకు ఫీజు ఇచ్చినవాళ్లూ అంతదూరం వెళ్లనివ్వలేదు. కానీ పని లెక్క రాసేటప్పుడు విశ్రాంతికి కూడా ఒక గడి ఉండాలని ఆమె రాసిపెట్టి వెళ్లారు. మన కూలీ పద్ధతిలోనూ, చట్టంలోని షెడ్యూల్లోనూ ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.